రాజతరంగిణిని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశ్వనాథ సత్యనారాయణ గారి కాశ్మీర రాజవంశ నవలలు చదివి, వాటికి మూలమైన రాజతరంగిణిని, అంటే 12వ శతాబ్దంలో కల్హణుడు సంస్కృత శ్లోకాల్లో రాసిన కాశ్మీర రాజుల చరిత్రను, అనువాదంలో తెప్పించుకున్నారు. మొదటి నుంచి వరసగా చదువుతూ మూడో తరంగంలో, అంటే మూడో అధ్యాయంలో, రణాదిత్యుడనే రాజు 300 ఏళ్ళు పాలించాడని చూసి పుస్తకం మూసేశారు. మీ మిత్రుల్లో ఒకరు అదంతా పుక్కిటి పురాణమని కొట్టిపారేస్తే, ఇంకొకరు అందులో ప్రతి సంవత్సరమూ అక్షరసత్యమని, తేదీలన్నీ తర్వాతివాళ్ళు తారుమారు చేశారని అంటున్నారు. ఎవరి మాట నమ్మాలని, నమ్మదగ్గదే అయితే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఇద్దరూ పుస్తకాన్ని రాజుల పట్టికగానే చూస్తున్నారు. ముప్ఫయ్యేళ్ళకు పైగా సంస్కృతం పాఠం చెప్పినవాణ్ణి. ఈ పుస్తకాన్ని ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. నాకు తెలిసినంతలో కల్హణుడి గొప్పతనం ఆయన ఇచ్చిన తేదీల్లో లేదు. ఒక సాక్ష్యాన్ని ఎలా పట్టిచూడాలో ఆయనకు తెలుసు. ఎక్కడ తన దగ్గర సాక్ష్యం లేదో అక్కడ ఆ మాట కూడా చెప్పాడు. ఇది పట్టుకుంటే 300 ఏళ్ళ రణాదిత్యుడు మిమ్మల్ని ఆపలేడు.

ముందు పుస్తకం కొలతలు చూడండి, సగం సందేహం అక్కడే తీరుతుంది. మొత్తం ఎనిమిది తరంగాలు, 7,800 పైచిలుకు శ్లోకాలు. మొదటి మూడు తరంగాలూ కలిపితే వెయ్యి చిల్లర శ్లోకాలే, కానీ వాటిలో వేల ఏళ్ళు గడిచిపోతాయి. ఏడో తరంగం ఒక్కటే 1,700 దాటుతుంది, ఎనిమిదోది 3,400 దాటుతుంది. అంటే పుస్తకంలో దాదాపు మూడింట రెండు వంతులు క్రీ.శ. 1003 నుంచి 1149 దాకా, ఒక నూటయాభై ఏళ్ళ కథ. ఆయన తాతముత్తాతల కాలం, తండ్రి కాలం, తన కాలం. మీరు చదివి విసుగెత్తింది ముఖద్వారం మాత్రమే, ఇంట్లోకి ఇంకా అడుగు పెట్టలేదు.

రాసిన కాలం గురించి అనుమానమే లేదు, ఆయనే చెప్పాడు:

"లౌకికేఽబ్దే చతుర్వింశే శకకాలస్య సాంప్రతమ్
సప్తత్యాభ్యధికం యాతం సహస్రం పరివత్సరాః"

కాశ్మీరంలో వాడే లౌకికాబ్దం 24, శకవర్షాలు 1070 గడిచాయి అని. మన శాసనాల్లో "శకవర్షంబులు" అని ఉన్నచోట 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది కదా, ఇక్కడా అంతే: 1148. మరుసటి ఏటికి పూర్తిచేశాడు. అప్పుడు కాశ్మీరాన్ని ఏలుతున్నది జయసింహుడు. లౌకికాబ్దంలో ఒక చిక్కుంది. వాడుకలో వందలు వదిలేసి చివరి రెండంకెలే చెబుతారు, మనం "డెబ్బై ఏడు తుపాను" అన్నట్టు. అందుకే శకవర్షాన్ని పక్కనే చెప్పడం అంత విలువైనది. ఆ ఒక్క శ్లోకం లేకపోతే లెక్క ఏ శతాబ్దంలో పడాలో తేలేది కాదు.

ఇప్పుడు మీ రెండో మిత్రుడి సంగతి. పాత తరంగాల తేదీలు నిలబడవు. అశోకుణ్ణి కల్హణుడు ఉండాల్సిన చోటికన్నా దాదాపు వెయ్యేళ్ళు వెనక్కి జరిపాడు. మిహిరకులుడు క్రీ.శ. 6వ శతాబ్దపు హూణరాజు. కల్హణుడి లెక్కలో ఆయన క్రీస్తుకు ఎన్నో వందల ఏళ్ళ ముందువాడు. కానీ ఒకటి గమనించండి: అశోకుడు, ఆ తర్వాత కనిష్కుడు, ఆ తర్వాత మిహిరకులుడు. వరస సరిగ్గానే ఉంది, మధ్య దూరాలే తప్పు. అంటే ఆయన చేతికి అందిన జ్ఞాపకం నిజమైనదే, దాన్ని వేలాడదీసిన కొక్కెం తప్పు. తన పట్టికలో తొలి రాజైన మొదటి గోనందుణ్ణి భారతయుద్ధ కాలానికి ముడివేశాడు. అక్కడి నుంచి తన కాలం దాకా ఉన్న ఏళ్ళన్నిటినీ దొరికిన రాజులకే పంచాలి. ఆ పంపకంలోనే రణాదిత్యుడి వాటాకు 300 వచ్చాయని నా అభిప్రాయం.

పైగా భారతయుద్ధం ద్వాపరాంతంలో జరిగిందనే ప్రసిద్ధమైన మాటనే ఆయన ఒప్పుకోలేదు. అలా అనుకునేవాళ్ళు భ్రమపడ్డారని చెప్పి, కలియుగంలో 653 ఏళ్ళు గడిచాక కురుపాండవులు ఉన్నారని రాశాడు. మీ మిత్రుడు పంచాంగం ప్రకారం యుద్ధకాలాన్ని నిలబెట్టడానికి కల్హణుణ్ణి సాక్షిగా పిలిస్తే, ఆ సాక్షి ఆయనకే ఎదురుతిరుగుతాడు.

మరి మొదటి మిత్రుడు అన్నట్టు పుక్కిటి పురాణమా? కాదు. గ్రంథారంభంలోనే తన ముందున్న పదకొండు గ్రంథాలు, కాశ్మీరపు స్థలపురాణమైన నీలమత పురాణం చూశానని చెప్పుకున్నాడు. క్షేమేంద్రుడంతటివాడు రాసిన నృపావళి గురించి, కవిత్వంగా బాగున్నా అజాగ్రత్త వల్ల తప్పులేని భాగం ఒక్కటీ లేదని నిర్మొహమాటంగా రాశాడు. తర్వాత ఈ శ్లోకం:

"దృష్టైశ్చ పూర్వభూభర్తృప్రతిష్ఠావస్తుశాసనైః
ప్రశస్తిపట్టైః శాస్త్రైశ్చ శాంతోఽశేషభ్రమక్లమః"

పూర్వరాజులు ప్రతిష్ఠలకు, దానాలకు వేయించిన శాసనాలు, ప్రశస్తి ఫలకాలు, శాస్త్రగ్రంథాలు చూశాక తన సందేహాల శ్రమంతా తీరిందని. 12వ శతాబ్దంలో చరిత్ర రాయడానికి కూర్చున్నవాడు గుడిగోడల మీద రాతలు చదువుతూ తిరిగాడంటే, శాసనాల మీద పనిచేసినవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంకా చూడండి, లెక్క ఎలా అప్పజెప్పాడో: పరంపర తెగిపోయి పేర్లు మరుగైన రాజులు 52 మంది. వాళ్ళలో నలుగురు నీలమతంలో దొరికారు. హేలరాజు గ్రంథం చూసి పద్మమిహిరుడు చెప్పినవాళ్ళు ఎనిమిది మంది. ఛవిల్లాకరుడు చెప్పినవాళ్ళు అశోకుడు మొదలు ఐదుగురు. మిగిలిన 35 మంది పేర్లు లేవు, ఆయన కల్పించలేదు. అబద్ధం రాసేవాడికి 35 పేర్లు పుట్టించడం ఎంతసేపు?

నమ్మకం నాలుగో తరంగం నుంచి గట్టిపడుతుంది, అక్కడ కూడా మెల్లగా. చంద్రాపీడుడనే రాజు చైనా తాంగ్ చక్రవర్తులకు దూతల్ని పంపినట్టు, 720లో ఆయనకు రాజుగా గుర్తింపు వచ్చినట్టు చైనావాళ్ళ రికార్డుల్లో ఉంది. కల్హణుడి లెక్క ప్రకారం ఆ రాజు అప్పటికే చనిపోయి పాతికేళ్ళు. అంటే 8వ శతాబ్దంలో తేడా వెయ్యేళ్ళ నుంచి పాతికేళ్ళకు దిగింది. 813 ప్రాంతం నుంచి ఆయన లౌకికాబ్దాల్లో తేదీలు ఇవ్వడం మొదలుపెడతాడు, అక్కడి నుంచి మనం ధైర్యంగా నడవవచ్చు. చివరి రెండు తరంగాలకు వచ్చేసరికి నెల, పక్షం, తిథి కూడా చెబుతుంటాడు.

అదే తరంగంలో, 8వ శతాబ్దపు కాశ్మీర రాజు లలితాదిత్యుడి దిగ్విజయం దగ్గర మాత్రం జాగ్రత్త. కనోజు యశోవర్మను ఓడించాడన్నది గట్టి విషయం. ఆ యశోవర్మ కొలువులోనే భవభూతి, వాక్పతిరాజు ఉండేవారని చెప్పిన శ్లోకం సాహిత్య చరిత్రకు పెద్ద ఆధారం. ఆ తర్వాత కావేరి దాకా, ఉత్తర కురుభూముల దాకా సాగిన యాత్ర కావ్యధర్మం. కాళిదాసు రఘువంశంలో రఘువు దిగ్విజయం చదివినవాళ్ళకు ఆ బాట ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది.

కానీ అదే లలితాదిత్యుడి దగ్గర కల్హణుడు ఏం చేశాడో చూడండి. పరిహాసపురంలోని పరిహాసకేశవుడి విగ్రహాన్ని పూచీ పెట్టి, ప్రాణహాని చేయనని మాటిచ్చి రప్పించిన గౌడ (బెంగాల్) రాజును లలితాదిత్యుడు చంపించాడు. ఆ గౌడరాజు సేవకులు యాత్రికుల వేషంలో అంత దూరం నడిచి వచ్చారు. పూచీ నిలబెట్టని దేవుణ్ణే పగలగొట్టాలని గుడి మీద పడ్డారు. పొరపాటున పక్కనున్న రామస్వామి విగ్రహాన్ని పరిహాసకేశవుడనుకుని పొడి చేశారు. సైనికులు వాళ్ళను ఒక్కొక్కరినే నరికేశారు. కాశ్మీరీలు తలుచుకుంటే ఛాతీ ఉప్పొంగే రాజు లలితాదిత్యుడు. కల్హణుడూ కాశ్మీరీయే. అయినా ఆయన చెప్పినదేమిటి? నేటికీ రామస్వామి గుడి ఖాళీగా ఉంది, గౌడవీరుల కీర్తితో లోకం నిండిపోయింది అని. పరదేశం నుంచి వచ్చి తన ఊరి గుడిని కూల్చినవాళ్ళ స్వామిభక్తికి నమస్కారం పెట్టాడు.

దీనికి మూలం మొదటి తరంగంలోనే ఉన్న ఈ శ్లోకం. దీన్ని కంఠతా పట్టమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి:

"శ్లాఘ్యః స ఏవ గుణవాన్ రాగద్వేషబహిష్కృతా
భూతార్థకథనే యస్య స్థేయస్యేవ సరస్వతీ"

జరిగిన సంగతి చెప్పేటప్పుడు ఎవడి వాక్కు న్యాయాధికారి వాక్కులా రాగద్వేషాలకు దూరంగా ఉంటుందో ఆ గుణవంతుడే కొనియాడదగ్గవాడు. "స్థేయ" అన్న మాట దగ్గర ఆగండి. స్థేయుడంటే ఇద్దరి మధ్య తగవు తీర్చే న్యాయాధికారి. కవిని సృష్టికర్త అనడం అందరూ అన్నదే, ఈయనా అన్నాడు. కానీ చరిత్ర చెప్పేటప్పుడు కవి కూర్చోవలసింది తీర్పు చెప్పే పీట మీద అన్నాడు. పుస్తకానికి తాళంచెవి ఈ మాటే.

ఆ పీట మీద కూర్చోవడమంటే ఏమిటో ఆరో తరంగంలో కళ్ళకు కట్టించాడు. మీరు పుస్తకాన్ని మళ్ళీ తెరిస్తే అక్కడ తెరవండి, పద్నాలుగో శ్లోకం దగ్గర. రాజు యశస్కరుడు, 10వ శతాబ్దం. రాజద్వారం దగ్గర ఒకడు ప్రాయోపవేశానికి, అంటే అన్నం మానేసి చావడానికి కూర్చున్నాడు. ఏమిటని అడిగితే చెప్పాడు: ఒకప్పుడు బాగా బతికినవాణ్ణి, అప్పులపాలై ఇల్లు ఒక వ్యాపారికి అమ్మేశాను. మెట్లబావి మాత్రం అమ్మలేదు, భార్య బతుకుతెరువు కోసం ఉంచాను. వేసవిలో తోటమాలులు చల్లదనం కోసం పూలు, తమలపాకులు అందులో దాచుకుని అద్దె ఇస్తారు, దానితో ఆమెకు గడుస్తుంది. ఇరవై ఏళ్ళు దేశాంతరం తిరిగి వచ్చేసరికి ఆమె చిక్కి శల్యమై ఇళ్ళల్లో పనులు చేసుకుంటోంది. బావి కూడా తనదేనని వ్యాపారి ఆమెను వెళ్ళగొట్టాడట. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా న్యాయాధికారులు నన్నే ఓడించారు.

రాజు న్యాయాధికారుల్ని పిలిస్తే, వీడే అబద్ధాలకోరని వాళ్ళందరూ ఒకే మాట. దస్తావేజు తెప్పించి చూశాడు. "సోపానకూపసహితం" అని స్పష్టంగా ఉంది: మెట్లబావితో కూడా ఇల్లు అమ్మినట్టే. సభ అంతా ఇంకేముంది అంది. రాజు మనసు మాత్రం ఒప్పుకోలేదు. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, అందరి నగలూ చూస్తున్నట్టు నటించి, వ్యాపారి వేలి ఉంగరం చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని గుర్తుగా ఇచ్చి ఒక మనిషిని వ్యాపారి ఇంటికి పంపి, దస్తావేజు రాసిన ఏటి లెక్కల చిట్టా తెప్పించాడు. అందులో అధికరణ లేఖకుడికి, మన మాటల్లో దస్తావేజు లేఖరికి, వెయ్యి దీనారాలు ఇచ్చినట్టు పద్దు ఉంది. చిన్న కాగితానికి అంత సొమ్మా? రాజుకు అర్థమైంది. అసలు ఉండాల్సింది "సోపానకూపరహితం", మెట్లబావి మినహాయించి అని. లేఖరి "ర"ను "స" చేశాడు. అభయమిచ్చి అడిగితే వాడే ఒప్పుకున్నాడు. వ్యాపారిని దేశం నుంచి వెళ్ళగొట్టి, ఆ ఇల్లూ ఆస్తీ మొరపెట్టుకున్నవాడికే ఇచ్చాడు.

రహితం, సహితం. మన తెలుగులో కూడా ఒక్క అక్షరమే తేడా, అందుకే ఈ కథ చెబితే మన పిల్లలకు వివరణ అక్కర్లేదు. స్థలం అమ్మి బావినో దారినో మినహాయించుకుని, తర్వాత కాగితంలో మాట మారిపోయి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు! నేను ఈ భాగం చదివినప్పుడల్లా యశస్కరుడి తెలివికన్నా కల్హణుడి పద్ధతికి తలవంచుతాను. రాసినది చేతిలో ఉన్నా, పదిమంది ఔనన్నా, ఆ రాతను ఇంకో రాతతో, దానితో సంబంధం లేని లెక్కల చిట్టాతో సరిచూడాలి. కావ్యాన్ని శాసనంతో సరిచూసినవాడు కాబట్టే ఈ తగవును ఇంత వివరంగా, ఏ శ్లోకమూ వృథా పోకుండా చెప్పగలిగాడు.

ఆరో తరంగం తర్వాత ఐదో తరంగానికి వెనక్కి రండి. అవంతివర్మ కాలం, 9వ శతాబ్దపు రెండో సగం. ఆనందవర్ధనుడు, రత్నాకరుడు, శివస్వామి, ముక్తాకణుడు ఈ రాజు కాలంలో పేరుకెక్కారని ఒక శ్లోకం చెబుతుంది. మన అలంకారశాస్త్ర పాఠాల్లో ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతాన్ని 9వ శతాబ్దమని ధైర్యంగా రాస్తున్నామంటే ఆ శ్లోకం చలవే. సాహిత్యం సరే, సుయ్యుడి కథ వదలకండి. మట్టికుండలో దొరికిన పసిబిడ్డ, పెంచిన చండాల స్త్రీ పేరు సుయ్య, ఆ పేరే వీడికీ వచ్చింది. మహాపద్మ సరస్సు, అంటే ఇప్పటి వులర్, పొంగి పొలాలు మునిగి కరువు వస్తుంటే, వితస్తా (జీలం) నదిలో రాళ్ళు అడ్డుపడ్డ చోట దీనారాలు విసిరాడు. పిచ్చివాడనుకున్నారు. ఆకలితో ఉన్న జనం డబ్బుల కోసం నీళ్ళలో దూకి రాళ్ళన్నీ ఎత్తి పారేశారు. తర్వాత నదికి ఏడు రోజులు అడ్డుకట్ట వేసి అడుగు శుభ్రం చేయించాడు. ఊరూరి మట్టి తెప్పించి తడిపి, ఎంతసేపటికి ఆరుతుందో చూసి ఏ ఊరికి ఎన్ని రోజులకొకసారి నీరు వదలాలో లెక్కకట్టాడు. మంచి ఏళ్ళలో కూడా ఖారి (ధాన్యం కొలత) వడ్లు 200 దీనారాలు పలికేవి, అవి 36కు దిగాయి. కాకతీయుల చెరువుల నీడలో పెరిగిన మనకు ఈ భాగం ఇంకా దగ్గరగా తగులుతుంది. సుయ్యపురమే ఇప్పటి సోపూర్.

నాలుగో తరంగంలో చర్మకారుడి గుడిసె కథ కూడా చూడండి. పైన చెప్పిన చంద్రాపీడుడిదే. గుడి కట్టే స్థలంలో ఒక చర్మకారుడి గుడిసె ఉంది, వాడు ఖాళీ చేయనన్నాడు. అధికారులు రాజుకు ఫిర్యాదు చేస్తే, అడక్కుండా పని ఎందుకు మొదలుపెట్టారని రాజు వాళ్ళనే తప్పుపట్టాడు. చర్మకారుడు రాజుతో అన్న మాట గుర్తుండిపోతుంది: కుండమూతిని కిటికీగా పెట్టుకున్న ఈ గుడిసె పుట్టినప్పటి నుంచి నా సుఖదుఃఖాలకు తల్లిలా సాక్షి. రాజు వాడి గుమ్మం దాకా వెళ్ళి అడిగి, వెలకట్టి తీసుకున్నాడు.

ఇక ఏడో తరంగం, హర్షుడు. కనోజు హర్షుడు కాదు, 1089 నుంచి 1101 దాకా కాశ్మీరాన్ని ఏలినవాడు. కల్హణుడి తండ్రి చణ్పకుడు ఈయన మంత్రి. పినతండ్రో పెదతండ్రో అయిన కనకుడు ఈ రాజు దగ్గరే సంగీతం నేర్చుకున్నాడు. అంటే ఇంటిల్లిపాదీ ఆయన ఉప్పు తిన్నవాళ్ళు. హర్షుడు కవి, గాయకుడు, దాత. కొత్త వేషభాషలు తెచ్చాడు, దక్షిణాది పద్ధతులంటే మోజు, కర్ణాట నమూనాలో నాణేలు కూడా వేయించాడు. తర్వాత ఖజానా కోసం గుళ్ళను దోచాడు, విగ్రహాలు పెకలించడానికి ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టాడు, దేవోత్పాటన నాయకుడని. పరిహాసపురం బుద్ధవిగ్రహం మిగిలిందంటే కనకుడు వేడుకోవడం వల్లనే. కల్హణుడు వీటిలో ఏదీ దాచలేదు, తండ్రి ప్రభువని తగ్గించి చెప్పలేదు, చివరికి పాడుబడ్డ ఆ రోజుల్లో ఆయన మీద జాలినీ దాచలేదు. సంస్కృతంలో రాజు గురించి ఇంత నిండుగా, మంచీ చెడూ పెనవేసి రాసిన భాగం నేను ఇంకోటి చదవలేదు.

మనకు సంబంధించిన ముక్క కూడా ఇక్కడే ఉంది. కాశ్మీరం వదిలి వచ్చిన కవి బిల్హణుడు కర్ణాట ప్రభువు పర్మాడి దగ్గర విద్యాపతి, అంటే ప్రధాన పండితుడు, అయ్యాడని, రాజు ముందు ఏనుగు మీద గొడుగు పట్టించుకుని తిరిగేవాడని కల్హణుడు చెబుతాడు. ఆ పర్మాడే కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడు, తెలంగాణలో ఎన్నో శాసనాల్లో కనిపించే చాళుక్య విక్రమశకం ఆయనదే, తొలి కాకతీయులు ఆయనకు సామంతులు. హర్షుడి దాతృత్వం విన్నాక బిల్హణుడికి ఆ వైభవమంతా వట్టిదనిపించిందట.

లోపాలు లేవని కాదు. డామరులనే భూస్వాముల మీద, కాయస్థులనే సర్కారు ఉద్యోగుల మీద ఆయనకున్న కోపం ప్రతి పుటలోనూ వేడిగా తగులుతుంది, వాళ్ళ పక్షం మనకు వినిపించదు. చేతబడి వల్ల రాజులు చనిపోయారంటే నమ్మేస్తాడు. ఎనిమిదో తరంగం కుట్రలతో, పేర్లతో కిక్కిరిసి ఉంటుంది, బతికున్న రాజు గురించి రాస్తున్నాడన్న జాగ్రత్త కూడా తెలుస్తుంది. దాన్ని చివరికి ఉంచుకోండి.

అనువాదం విషయానికొస్తే, ఆరెల్ స్టైన్ 1900లో రెండు సంపుటాలుగా వేసిన ఇంగ్లీషు అనువాదానికి మించింది లేదు. ఆయన కాశ్మీరమంతా తిరిగి, కల్హణుడు చెప్పిన ఊళ్ళూ వాగులూ ఎక్కడున్నాయో గుర్తించి అడుగున రాశాడు. రంజిత్ సీతారాం పండిట్ జైల్లో కూర్చుని చేసిన 1935 నాటి అనువాదం చదవడానికి ఇంకా హాయిగా ఉంటుంది. మూలం కూడా పక్కన పెట్టుకోండి, మామూలు అనుష్టుప్ శ్లోకాలే ఎక్కువ, కొద్దిపాటి సంస్కృతం ఉంటే అందుతాయి.

నా మాట విని ఈ వరసలో చదవండి: ఆరో తరంగంలో మెట్లబావి తగవు, ఐదులో సుయ్యుడు, నాలుగులో చర్మకారుడు, గౌడవీరులు, ఆ తర్వాత ఏడో తరంగం మొదటి నుంచి చివరి దాకా. హర్షుడి ఆఖరి రోజుల దగ్గరకు వచ్చేసరికి వేగం తగ్గించండి. సైన్యం, సామంతులు, బంధువులు అందరూ జారిపోయి, ప్రయాగుడనే సేవకుడు, ముక్తుడనే వంటవాడు మాత్రమే వెంట ఉండగా, రాజు ఒక తాపసి గుడిసెలో తలదాచుకుంటాడు. అది చదివాక మొదటి తరంగానికి వెళ్ళి రణాదిత్యుడి దాకా రండి. మళ్ళీ ఎక్కడైనా ఆగిపోతే ఆ శ్లోకసంఖ్య ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.